ఇంట్లో ఆపేయమన్న భాషలు

మొన్న ఒక ఆదివారం హారిక మా ఇంటికి వచ్చింది. కరీంనగర్ అమ్మాయి. ఇక్కడే లీసెస్టర్‌లో మాస్టర్స్ పూర్తిచేసి, స్పీచ్ థెరపిస్టుగా కొత్తగా ఉద్యోగంలో చేరింది. నేను అదే పనిలో జీవితమంతా గడిపి రిటైరయ్యానని ఎవరో చెబితే, అప్పుడప్పుడూ వచ్చి పలకరించిపోతుంటుంది. ఆ రోజు కూర్చుంటూనే అడిగింది.

"ఆంటీ, ఒకటి అడగాలె. రేపు క్లినిక్‌కి ఒక ఫ్యామిలీ వస్తున్నరు. పిల్లగానికి మూడేండ్లు, మాటలు వస్తలేవు. వాళ్లింట్ల రెండు భాషలున్నయి. ఏది మాట్లాడమని చెప్పాలె?"

"నువ్వేం చెబుదామనుకుంటున్నావమ్మా?"

"రెండూ మాట్లాడమని చెప్దామనుకుంటున్న. పుస్తకాలన్నీ గదే చెప్తున్నయి. కానీ మా టీంల ఒక సీనియర్ ఉంది. ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడితే తొందరగా మాటలొస్తయి, తల్లిదండ్రులకు గట్లనే చెప్పు అంటది. కొత్తదాన్ని. ఆమె మాట కాదంటే ఎట్లుంటదో ఏమో."

ఆ సలహా ఎప్పుడో అంతరించిపోయిందనుకున్నాను. ఇంకా బతికే ఉందని తెలిసి మనసు పాడైంది. హారికకు నేను ఇద్దరు ఆడవాళ్ల గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఒకామె సామి, ఇంకొకామె ఇన్యుయిట్. ఇద్దరూ మంచుదేశాల వాళ్లు, మన తెలుగువాళ్లతో ఏ సంబంధమూ లేనివాళ్లు. కథ సగంలో ఉండగానే ఆమెకు బస్సు టైమైంది. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. హారికతోపాటు ఈ పనిలోకి వచ్చే మిగతా పిల్లలు కూడా చదువుతారని ఆశ.

మా పని గురించి ఒక్క మాట. మాటలు రాని పిల్లలు, జబ్బుచేసి మాట పోయిన పెద్దలు మా దగ్గరికి వస్తారు. మాట తెప్పించడమే మా పని అని అందరూ అనుకుంటారు. నిజానికి సగం పని వినడం. అది సరిగ్గా చెయ్యనప్పుడు ఏమవుతుందో చెప్పడానికే ఇదంతా.

పాట్రిషియా

నేను తెనాలి నుంచి పెళ్లయ్యాక ఈ దేశం వచ్చాను. ఇక్కడే చదువుకున్నాను. మొదటి ఉద్యోగం మిల్టన్ కీన్స్‌లో పిల్లల క్లినిక్‌లో. మా పైఅధికారి పేరు పాట్రిషియా. నేను చూసిన పైఅధికార్లలో అంత మంచి మనసున్న మనిషి మరొకరు లేరు. పిల్లల కోసం ఇంట్లో కూర్చుని గుడ్డబొమ్మలు కుట్టి తెచ్చేది. నత్తి ఉన్న ఒక పిల్లవాణ్ణి బళ్లో ఏడిపిస్తున్నారని తెలిసి, తన సెలవు రోజున ఆ బడికి వెళ్లి హెడ్మాస్టర్‌తో పోట్లాడి వచ్చింది.

కానీ ఒక విషయంలో ఆమెది ఉడుంపట్టు. ఇంట్లో రెండు భాషలుంటే పిల్లవాడి బుర్ర గందరగోళపడుతుందని గట్టిగా నమ్మేది. "ఒక ఇంటికి ఒక భాష చాలు. అది బళ్లో మాట్లాడే భాషయితే ఇంకా మంచిది" అనేది. ఆ రోజుల్లో అలా చెప్పినవాళ్లు ఆమె ఒక్కతే కాదు. డాక్టర్లు చెప్పారు, టీచర్లు చెప్పారు, ఇళ్లకు వచ్చి పసిపిల్లలను చూసే నర్సులు చెప్పారు. గుజరాతీ తల్లులకు, పంజాబీ తల్లులకు, మన తల్లులకు అందరికీ చెప్పారు. చాలామంది తలూపి, ఇంటికెళ్లి ఎప్పటిలాగే మాట్లాడుకున్నారు. వాళ్ల ఇళ్లల్లో అత్తలు, మామలు, బాబాయిలు ఉండేవాళ్లు. ఒక తల్లి నోరు మూసుకున్నా ఇంకో నలుగురు మాట్లాడేవాళ్లు.

ఇల్లంతటిలో ఆ భాష మాట్లాడేది తల్లి ఒక్కతే అయినప్పుడు ఏమవుతుందో నేను మారెత్ ఇంట్లో చూశాను.

మారెత్, నీలాస్

మారెత్ సామి మనిషి. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ దేశాలకు ఉత్తరపు అంచున రెయిన్‌డీర్ మందలు మేపుకుంటూ, చేపలు పట్టుకుంటూ బతికిన జాతి వాళ్లది. వాళ్ల భాష నార్వే భాషకు చుట్టం కూడా కాదు. మారెత్ ఇక్కడ చదువుకోవడానికి వచ్చి, డేవిడ్ అనే ఇంగ్లిష్ అతన్ని పెళ్లి చేసుకుని మిల్టన్ కీన్స్‌లో ఉండిపోయింది. వాళ్ల కొడుకు నీలాస్‌కు మూడేళ్లు నిండుతున్నా మాటలు రాలేదని క్లినిక్‌కి తీసుకొచ్చారు.

నేను ఇంగ్లిష్‌లో ఏది అడిగినా వాడు తలదించుకుని కూర్చున్నాడు. "మీ భాషలో అడగండి" అన్నాను మారెత్‌తో. ఎర్ర కారు తీసి కుర్చీ కింద పెట్టి, చెంచా తెచ్చి తనకివ్వమని ఆమె సామిలో చెప్పింది. వాడు వరసగా మూడూ చేసి, చెంచా తల్లి ఒళ్లో పెట్టి నావైపు గర్వంగా చూశాడు. అంత పొడుగు వాక్యం అర్థం చేసుకున్న పిల్లవాడికి బుర్రలో గందరగోళం ఏముంటుంది? మాట కాస్త ఆలస్యంగా వచ్చే పిల్లలు ప్రతి దేశంలోనూ ఉంటారు. వీడూ అలాంటివాడే.

వెళ్లబోయే ముందు వాడు మారాం చేస్తే మారెత్ సన్నగా ఒక రాగం తీసింది. వాడు వెంటనే ఏడుపు ఆపి అదే రాగం తిరిగి తీశాడు. అదేమిటని అడిగాను.

"ఇది వాడి రాగం. మా ఇంట్లో ప్రతి పిల్లవాడికీ ఒక రాగం కడతారు. అది వాడి గురించి పాడే పాట కాదు. అది వాడే. మా అమ్మ కట్టింది."

తర్వాతి వారం ఇంటికి కూడా వెళ్లి చూశాను. సోఫా మీద రెయిన్‌డీర్ తోలు పరిచి ఉంది. కొయ్యపిడి చెక్కిన చాకు గోడకు వేలాడుతోంది. వంటింట్లో ఎండుమాంసం ఉడుకుతోంది. మారెత్ కొడుకుని తిడుతూ, బుజ్జగిస్తూ, ఊదుకుని తినమని చెబుతూ ఉంది. అంతా సామిలోనే. ఆ తోలు, ఆ చాకు ఏ మ్యూజియంలోనైనా కనిపిస్తాయి. అన్నం తినని పిల్లవాణ్ణి తిట్టే తిట్టు మాత్రం ఇంట్లోనే దొరుకుతుంది.

ఆపొద్దని నేను మారెత్‌తో చెప్పాను. టీం మీటింగ్‌లో పాట్రిషియాతోనూ చెప్పాను. "మా అమ్మాయికి తెలుగు, ఇంగ్లిష్ రెండూ వినపడుతున్నాయి. ఏ నష్టమూ జరగలేదు" అన్నాను.

"మీ అమ్మాయికి మాట ఆలస్యం కాలేదు. ఈ పిల్లవాడికి అయింది. ఇంకో ఏడాదిలో బళ్లో చేరతాడు. వాడితో ప్రయోగాలు చెయ్యడం నాకిష్టం లేదు" అంది పాట్రిషియా. ఆ కేసు తానే తీసుకుంది. భార్యాభర్తలను పిలిచి కూర్చోబెట్టింది. నేనూ ఆ గదిలో ఉన్నాను.

"ఎప్పటికీ కాదు. మాటలు వచ్చేదాకా ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడండి. తర్వాత మీ ఇష్టం" అంది ఎంతో ఆప్యాయంగా.

మారెత్ భర్త వైపు చూసింది. తర్వాత మెల్లగా చెప్పింది. "మా అమ్మమ్మను చిన్నప్పుడు హాస్టల్లో పెట్టారు. మా భాష మాట్లాడితే కొట్టేవాళ్లు. సెలవులకు ఇంటికొచ్చి పొయ్యి దగ్గర కూర్చుంటే మాత్రం ఎవరూ కొట్టేవాళ్లు కాదు. మా భాష అలా మిగిలింది. ఇప్పుడు మీరు ఆ ఇంట్లోకే వచ్చి ఆపమంటున్నారు."

పాట్రిషియా కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ మాట మార్చుకోలేదు. డేవిడ్ భార్య చెయ్యి పట్టుకుని, "వాడి మంచికే కదా" అన్నాడు. బయటికొచ్చాక కారు దగ్గర నేను మారెత్‌కు నా అభిప్రాయం మళ్లీ చెప్పాను. ఆమె విన్నది. కానీ ఒకవైపు ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న పాట్రిషియా, పక్కన భయపడుతున్న భర్త, ఇంకోవైపు ఉద్యోగంలో కొత్తగా చేరిన నేను. ఏ తల్లయినా ఏం చేస్తుంది?

కొన్ని నెలలకు మరో పని మీద ఆ ఇంటికి వెళ్లాను. మారెత్ కొడుకుతో ఇంగ్లిష్‌లో మాట్లాడుతోంది. మంచి ఇంగ్లిషే. కానీ పిలిచే ముందు ప్రతిసారీ ఒక్క క్షణం ఆగుతోంది, ఆఫీసులో ఎవరితోనో మాట్లాడబోతున్నట్టు. రాగం కూడా మానేసిందట. అందులోనూ ఆ మాటలే ఉన్నాయి కదా అంది.

నీలాస్‌కు మాటలు వచ్చాయి. పాట్రిషియా సంతోషించింది. ఆపకపోయినా వచ్చేవని ఇప్పుడు ఈ రంగంలో అందరూ ఒప్పుకుంటారు. ఆ తర్వాత ఆ క్లినిక్‌లో నాకు మనసు నిలవలేదు. లీసెస్టర్‌లో ఒక ఆసుపత్రి పెద్దల వార్డులో ఖాళీ ఉందంటే అప్లై చేసుకుని వెళ్లిపోయాను.

మారెత్‌ను మళ్లీ చూసింది చాలా ఏళ్ల తర్వాత, మిల్టన్ కీన్స్‌లో ఒక పెళ్లికి వెళ్లినప్పుడు. ఆమే గుర్తుపట్టి పలకరించింది. నీలాస్ పెద్దవాడయ్యాడు, తల్లికంటే తలెత్తు పొడుగట. మారెత్ వాళ్లమ్మ పోయింది. అంత్యక్రియలకు కొడుకుని తీసుకుని ఉత్తరానికి వెళ్లింది. అక్కడ బంధువులంతా ముసలామెను తలచుకుని నవ్వుతూ, ఏడుస్తూ ఉంటే, వాడు ఒక్కో ముఖమూ చూస్తూ గోడకానుకుని నిలబడ్డాడట.

"ఇప్పుడు నేర్పమంటున్నాడు. తనే అడుగుతున్నాడు" అంది.

"మంచిదే కదా?"

"వంటింట్లో కూర్చుంటాం. మొదలుపెడతాను. మాటలన్నీ నాకు గుర్తున్నాయి. కానీ వాడి ముఖం చూసి నోరు తెరిస్తే ఇంగ్లిషే వస్తుంది. అక్కచెల్లెళ్లతో ఫోన్లో గంటసేపు సామిలో మాట్లాడగలను. నా కొడుకుతో మాట్లాడలేను. వాడి కోసం నాలో ఆ భాష లేకుండా పోయింది."

కాసేపటికి సరేనని చెయ్యి ఊపి వెళ్లిపోయింది. 

పెద్దల వార్డు

అమాలియా మా వార్డుకు వచ్చింది నా ఉద్యోగం చివరి రోజుల్లో. డెబ్బై దాటిన మనిషి. పొట్టిగా, వెడల్పు ముఖంతో ఉండేది. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మాట కూడా దెబ్బతింది. అయితే మాట పూర్తిగా పోలేదు. గడగడా మాట్లాడేది, ఎవరికీ అర్థమయ్యేది కాదు.

పక్షవాతంలో అలా జరగడం కొత్తేమీ కాదు. మెదడులో మాటల చోటు దెబ్బతింటే కొందరు అర్థంలేని శబ్దాలను వాక్యాల్లాగే మాట్లాడతారు. తాము సరిగ్గానే మాట్లాడుతున్నామనుకుంటారు. వార్డు డాక్టర్ రౌండ్స్‌లో చూసి, ఇదీ అదేనని తేల్చాడు. ఏది చెప్పినా ఆమెకు అర్థం కావడం లేదని, తన గురించి తాను నిర్ణయించుకునే స్థితిలో లేదని రాశాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ రోజు వార్డు నిండా రోగులు, సగం మంది స్టాఫ్. తిన్నగా, ముసలివాళ్లను చివరిదాకా చూసుకునే నర్సింగ్ హోమ్‌కు పంపాలని ఆలోచన మొదలైంది.

ఆమె భర్త కెన్ రోజూ వచ్చేవాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు, రెండు చెవులకూ మిషన్లు. ఫ్లాస్కులో టీ తెచ్చుకుని మంచం పక్కన కూర్చునేవాడు. వయసులో ఉండగా ఓడల్లో ఇంజనీరుగా పనిచేశాడట. గ్రీన్‌లాండ్ రేవులో అమాలియాను చూసి, ప్రేమించి, పెళ్లాడి తీసుకొచ్చాడు. ఆమె ఇన్యుయిట్. చిన్నప్పుడు మన పాఠాల్లో ఎస్కిమోలని చదువుకున్నాం, ఆ పేరు వాళ్లకు ఇష్టం ఉండదు.

"ఆవిడ మాట్లాడేది వాళ్ల భాషేమో?" అన్నాను.

"అదెప్పుడో మర్చిపోయింది" అన్నాడు కెన్. "నలభై ఏళ్ల పైనుంచి మా ఇంట్లో ఇంగ్లిషే. మొదట్లో వాళ్ల చెల్లెలితో ఫోన్లో మాట్లాడేది. తర్వాత అదీ తగ్గిపోయింది."

నాకు అనుమానం తీరలేదు. అర్థంలేని శబ్దాలైతే పూటకోలాగ ఉంటాయి. ఈమె నోట కొన్ని శబ్దాలు ప్రతిసారీ ఒకేలా వస్తున్నాయి. ఒక పొడుగాటి మాటను మరీ ఎక్కువగా అంటోంది. మధ్యాహ్నం పూట పక్కన కూర్చుని వినడం మొదలుపెట్టాను.

కూతురు హెలెన్ వచ్చిన రోజు విషయం తేలింది. హెలెన్ లండన్ పక్కన హేస్‌లో ఉంటుంది, విమానాశ్రయంలో ఉద్యోగం. తల్లికి దుప్పటి సర్దుతుండగా అమాలియా ఏదో అంది. హెలెన్ చెయ్యి ఆగిపోయింది. తర్వాత బల్ల మీది గ్లాసు తీసి తల్లి నోటికి అందించింది. ఆమె గటగటా తాగింది.

"నీళ్లు కావాలని నీకెలా తెలిసింది?" అన్నాను.

"ఇమెక్ అంది కదా." హెలెన్ తనకు తానే ఆశ్చర్యపోతున్నట్టు చూసింది. "నాకు చిన్నప్పుడు జ్వరం వస్తే అమ్మ గ్లాసు పట్టుకుని ఆ మాటే అనేది. అంటే నీళ్లేననుకుంటా. ఆ మాట నాకు గుర్తుందని నాకే తెలియదు."

ఒక్క మాట

ఫోన్లో దుబాసీలను ఇచ్చే సర్వీసులో ఆ భాష లేదు. హెలెన్ తానే వెతికి వెతికి గ్రీన్‌లాండ్‌లో పిన్నిని పట్టుకుంది. ఆ పిన్ని పేరు బోలెట్. ఆమెకు ఇంగ్లిష్ రాదు, నీవి అనే మనవరాలికి వచ్చు. మరుసటి వారం ఒక మధ్యాహ్నం వార్డులో వీడియో కాల్ పెట్టాం. కెన్, హెలెన్, నేను మంచం చుట్టూ నిలబడ్డాం.

తెర మీద చెల్లెలి ముఖం కనిపించగానే అమాలియా ఎడమచేత్తో ఫోన్‌ను తడిమింది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు, ఒకేసారి ఆగారు, నవ్వారు, ఏడ్చారు. అది సంభాషణ అని తెలియడానికి ఏ భాషా రానక్కర్లేదు. నా పని నేను చేశాను. ముక్కు ముట్టుకుని తర్వాత కిటికీ చూపించమని అడగమన్నాను. బోలెట్ అడిగింది, అమాలియా చేసింది. పొద్దున ఏం తిన్నదో అడగమన్నాను. అమాలియా చెప్పింది. నీవి నవ్వు ఆపుకుంటూ ఇంగ్లిష్‌లో చెప్పింది. "జావ పెట్టారట. పడవ చిల్లులు పూడ్చడానికి బాగుంటుందట."

డాక్టర్‌ను పిలుచుకొచ్చాను. ఆయన నిలబడి చూసి, అక్కడికక్కడే తన మాట తప్పని ఒప్పుకుని, రాసింది దిద్దాడు. పోయింది ఇంగ్లిష్ ఒక్కటే. తల్లి నేర్పిన భాష చెక్కుచెదరలేదు.

అప్పుడు నీవిని అడిగాను. "ఈవిడ రోజంతా ఒక పెద్ద మాట అంటుంది. అంగెర్లారుసుప్పుంగా. ఏమిటది?"

"ఇంటికి వెళ్లాలని ఉంది. అంతా కలిపి ఒక్కటే మాట."

కెన్ కుర్చీలోంచి లేచాడు. ఎన్నో రోజులుగా భార్య తన చెయ్యి పట్టుకుని ఆ మాటే అంటుంటే ఆయన ఆమె చెయ్యి నిమిరి, సరే సరే అని ఊరుకున్నాడు. "అయితే తీసుకెళ్తాను. ఈ రోజే తీసుకెళ్తాను. అలా చెప్పండి" అన్నాడు.

బోలెట్ ఆ మాట చెప్పింది. అమాలియా బదులు చెప్పింది. ఆమె చెబుతున్నకొద్దీ తెర మీద ఇద్దరి ముఖాలూ మారిపోయాయి. 

"ఏమంది?" అన్నాడు కెన్.

"మీ ఇల్లు కాదు" అంది నీవి. "వాళ్లమ్మ ఇల్లు. సముద్రం ఒడ్డున చిన్న ఊరు. అక్కడివాళ్లందరినీ ఎప్పుడో పట్నానికి తరలించేశారు. అక్కడ ఇప్పుడు ఎవరూ లేరు. ఇళ్లన్నీ పడిపోయాయి."

కెన్ మళ్లీ కూర్చున్నాడు. "మా ఇంట్లో నాతో అన్నేళ్లు ఉంది కదా" అన్నాడు, ఎవరితోనూ కాదు.

ఆ రోజు కారిడార్‌లో ఆయన నాతో చెప్పాడు. హెలెన్‌కు మూడేళ్లు వచ్చేదాకా అమాలియా బిడ్డతో తన భాషే మాట్లాడేదట. ఇంటికొచ్చిన నర్సు విని, ఇలాగైతే పిల్ల బళ్లో వెనకబడుతుంది, ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడండని చెప్పి వెళ్లింది. "మంచికే చెప్పింది. నేనూ అదే అన్నాను. అమాలియా సరేనంది. ఆ తర్వాత వంటింట్లో చేపలు కోసేటప్పుడు మాత్రం తనలో తాను ఏదో అనుకునేది. ఎవరితో మాట్లాడుతున్నావని నేను నవ్వేవాణ్ణి."

నాకు మారెత్ ఇల్లు కళ్లముందు కనిపించింది. అక్షరం పొల్లుపోకుండా అదే సలహా.

ఏ ఇంటికి

ఇప్పుడు అమాలియా తన నిర్ణయం తాను చెప్పగలదని అందరికీ తెలిసింది కనుక, చెల్లెలి ద్వారా మళ్లీ అడిగాం. ఆమె చాలాసేపు ఆలోచించి, కెన్ ఉన్న ఇంటికే వెళ్తానంది. నర్సింగ్ హోమ్ మాట ఆగిపోయింది. నేను వారానికోసారి వాళ్లింటికి వెళ్లేదాన్ని.

కెన్ పట్టుదల మనిషి. నీవి దగ్గర మాటలు అడిగి, ఎనభైకి దగ్గరపడుతున్న వయసులో నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఆకలి, చలి, నొప్పి, నిద్ర. ఆయన పలికితే అమాలియా నవ్వేది. ఒకసారి ఆయన చలేస్తోందా అని అడగబోయి ఇంకేదో అన్నాడు కాబోలు, ఆమె కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. ఆ ఇంట్లో ఆ భాష మళ్లీ వినిపించిన రోజులవి. కానీ చెవులు సరిగ్గా వినపడని మనిషి, గొంతు లోపలి నుంచి పలికే భాష ఎంతని నేర్చుకోగలడు? అడగడం వచ్చింది కానీ, ఆమె చెప్పే జవాబు అర్థమయ్యేది కాదు. పాతికేళ్ల వయసులో నేర్చుకోవలసింది ఆయన అప్పుడు మొదలుపెట్టాడు.

చలికాలంలో కెన్ గుండెనొప్పితో ఆసుపత్రి పాలయ్యాడు. తిరిగొచ్చినా ఆమెను లేపి కూర్చోబెట్టే ఓపిక లేదు. అమాలియాను నర్సింగ్ హోమ్‌కు పంపక తప్పలేదు. ఆదివారాలు బోలెట్ కాల్ చేసేది. వసంతంలో బోలెట్ చనిపోయింది. నీవి కొన్నాళ్లు చేసింది. పాపం, పట్నంలో షిఫ్టుల ఉద్యోగం, చిన్నపిల్లలు. కాల్స్ పలచబడ్డాయి. ఎవరిని తప్పుపట్టగలం?

కొత్తగా వచ్చేవాళ్లకు

మీకు చెప్పవలసింది పెద్దగా ఏమీ లేదు. మనిషిని ముట్టుకునే ముందు, ఏ పరీక్షా పెట్టే ముందు, మీ ఇంట్లో ఏ భాష మాట్లాడేవారని అడగండి. భర్త చెప్పింది ఒక్కటే నమ్మకండి. చిన్నప్పుడు మీ అమ్మ మిమ్మల్ని ఏ భాషలో తిట్టేదని అడగండి. మీకు తెలియని భాషను అర్థంలేని శబ్దమని రాసే ముందు, వినాల్సినంతసేపు విన్నారా అని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి. డ్యూటీ చార్టులో దానికి టైముండదు. మీరే కల్పించుకోవాలి.

ఇంట్లో ఒక భాష ఆపమని ఎవరైనా మీచేత చెప్పించబోతే చెప్పకండి. ఎంత మంచి మనిషి అడిగినా సరే. కొన్నాళ్లపాటే కదా అంటారు. నా అనుభవంలో కొన్నాళ్లని ఆపిన భాష తిరిగి మొదలైన ఇల్లు ఒక్కటీ లేదు.

మనవాళ్ల సంగతి కూడా ఒకటి చెప్పాలి. ఇక్కడ హాల్ అద్దెకు తీసుకుని బతుకమ్మ ఆడతాం, ఉగాది పచ్చడి పంచుతాం. పట్టులంగాలు కట్టిన పిల్లలు ముచ్చటగా ఆడి, కారెక్కగానే ఇంగ్లిష్‌లోకి వెళ్లిపోతారు. మా అమ్మాయీ అంతే. నేను తెలుగులో అడుగుతాను, ఆమె ఇంగ్లిష్‌లో బదులిస్తుంది. అన్నీ అర్థమవుతాయి కనుక నేను ఇంతకాలం ధైర్యంగానే ఉన్నాను. ఇప్పుడంత ధైర్యం లేదు. పండగలు హాల్లో జరుపుకోవచ్చు. జ్వరం వచ్చిన పిల్లకు నీళ్లు పట్టడం ఇంట్లోనే జరుగుతుంది.

హెలెన్ చెప్పింది

అమాలియా పోయిన సంగతి నేను రిటైరయ్యాక తెలిసింది. హెలెన్ ఫోన్ చేసి, లీసెస్టర్ వచ్చినప్పుడు కలుస్తానంది. మా వంటింట్లో కూర్చుంది. చాలాసేపు కెన్ ఆరోగ్యం గురించే మాట్లాడింది. తర్వాత తనంతట తానే చివరి రోజు గురించి చెప్పింది.

"మధ్యాహ్నం అమ్మ బాగా తెలివిలోనే ఉంది. నన్ను దగ్గరికి రమ్మని మంచం తట్టింది. కూర్చున్నాక నా చెయ్యి పట్టుకుని మాట్లాడటం మొదలుపెట్టింది. ఏదో నీళ్లు కావాలనో, నొప్పిగా ఉందనో కాదు. నాకు చెప్పాల్సిందంతా చెబుతోంది. మధ్యలో నవ్వింది. ఒకసారి వేలు చూపించి గట్టిగా ఏదో హెచ్చరించింది. ఒకచోట గొంతు తగ్గించి, రహస్యంలా చెప్పింది. పేర్లు కూడా వచ్చాయి, ఎవరివో నాకు తెలియదు."

"నీవికి కాల్ చెయ్యలేదా?"

"ఫోన్ చేతిలోనే ఉంది. చెయ్యాలనుకున్నాను. కానీ నేను ఫోన్ వైపు చూస్తే అమ్మ ఆగిపోతుందేమోనని భయమేసింది. నాతో అలా మాట్లాడటం నాకు ఊహ తెలిశాక అదే మొదటిసారి. ఎప్పుడూ ఇంగ్లిష్‌లో మర్యాదగా, పొదుపుగా మాట్లాడేది. మా అమ్మ ఇంత మాటకారి అని నాకు తెలియనే తెలియదు."

హెలెన్ టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

"మధ్యమధ్య నన్నేదో అడిగేది. అడిగి, జవాబు కోసం నా ముఖంలోకి చూసేది. వాళ్ల భాషలో అవును అనడం ఒక్కటే నాకు తెలుసు. ఆప్ అంటారు. నీవి నేర్పింది. అమ్మ ఏమడిగినా ఆప్ అన్నాను. అన్నింటికీ ఆప్, ఆప్ అంటూనే ఉన్నాను."

"ఆమె సంతోషించిందా?"

"సంతోషించింది. నా తల నిమిరి నిద్రపోయింది." హెలెన్ కప్పు బల్ల మీద పెట్టింది. "నేను వేటికి ఒప్పుకున్నానో నాకెప్పటికీ తెలియదు."